పాటకు ఓటు

సంగీతప్రియులు పలువురు ఒకచోట గూడి, ఒక్కొక్కరు తమకు నచ్చిన పాట నొకటి తెచ్చి వినిపించి, విన్నపిదప ఏది మేలైనదని చేతులెత్తి లెక్కించుకొనుట పాశ్చాత్యదేశములందు చిరకాలముగా నున్న వినోదము. పూర్వ మిది క్లబ్బులలోను, రేడియో కార్యక్రమములలోను, పత్రికల పుటలలోను జరుగుచుండెడిది. ఇప్పుడు ఒకరి ముఖ మొకరు చూడనక్కఱలేకయే, సముద్రమున కావలివారును ఈవలివారును ఒక్క గోష్ఠిగా నేర్పడి, పాటలను పంచుకొని, ఓట్లు వేసి, మొదటిది పదవది నూఱవది యని పట్టికలు కట్టుచున్నారు. ఇట్టి గోష్ఠులలో అమెరికాయందలి నల్లజాతివారి పాటలగు ‘బ్లూస్’, ‘సోల్’ అనువానిపై మక్కువగలవారు ప్రత్యేకముగా కనబడుదురు. వారి శ్రద్ధను మేము తక్కువచేయము. ఎనుబదియేండ్లనాటి గీతలుపడిన రికార్డులోని గొంతును చెవియొగ్గి విని, దానిని మఱి నలుగురికి వినిపింపవలెనని తహతహలాడువాని హృదయము మంచిదే యైయుండును. కాని ఓటు అనునది బరువైన మాట. దానిని పాటపై ప్రయోగించునపుడు మన మేమి చేయుచున్నాము? పాటయొక్క గుణమును నిర్ణయించుచున్నామా? మన యిష్టమును చెప్పుకొనుచున్నామా? లేక పాడినవారికి చెల్లింపవలసిన దానిని చేయెత్తుటతో చెల్లించితిమని తృప్తిపడుచున్నామా? ఈ మూడును వేఱువేఱు పనులు. వీనిని కలగాపులగము చేయుటవలన నష్టము కలదని మా తలంపు.

ఈ పాటల నెఱుగని చదువరులకు ముందుగా రెండు మాటలు చెప్పవలెను. అమెరికా దక్షిణభాగమున 1865వ సంవత్సరము వఱకును నల్లవారిలో అత్యధికులు బానిసలు. బానిసత్వము చట్టరీత్యా పోయినపిదపను వారిలో పెక్కురు పరుల ప్రత్తిచేలలో పాలునకు పనిచేయుచు, సంవత్సరాంతమున లెక్కచూచునప్పటికి భూస్వామికి బాకీపడియే యుండెడివారు. మన పొలములలో నాట్లపాటలు, మన యిండ్లలో దంపుళ్ళపాటలు పుట్టినట్లే వారి చేలలోను పనిపాటలు, ఒకరినొకరు పిలుచుకొను దీర్ఘమైన కేకలు పుట్టినవి. ఆ కేకలును, చర్చిలోని గానమును, గిటారు తీగయును కలిసి ఇరువదవ శతాబ్దిప్రారంభమునకు బ్లూస్ అను రూపము దాల్చినవి. అందు సాధారణముగా మొదటి పాదమును పాడి, దానినే రెండవసారి పాడి, మూడవ పాదమున దానికి బదులు చెప్పుదురు. వినువారు తొలిసారి నమ్మలేదేమో యని మరల చెప్పినట్లుండును. 1920లో మేమీ స్మిత్ అను గాయని యిచ్చిన రికార్డు విశేషముగా అమ్ముడుపోయినపిదపగాని, నల్లవారు కూడ రికార్డులు కొందురను సంగతి వర్తకులకు తలకెక్కలేదు. సోల్ అనునది దాని తరువాతితరము. చర్చిలో దేవుని గూర్చి పాడినగొంతుతోనే లోకములోని ప్రేమను, అవమానమును, ఆశను పాడుట దాని లక్షణము. రే చార్లెస్, శామ్ కుక్, డెట్రాయిట్ నగరమున మతబోధకుని కుమార్తెగా పెరిగిన అరీతా ఫ్రాంక్లిన్ మొదలగువారు 1950, 1960 దశకములలో దానిని లోకప్రసిద్ధము చేసిరి.

ఇక ఓటు సంగతి. మిసిసిపీ రాష్ట్రమున సన్‌ఫ్లవర్ అను జిల్లా కలదు. బ్లూస్ చరిత్ర వ్రాయువా రెవ్వరును ఆ జిల్లాను దాటిపోజాలరు. అందలి డాకరీ యను ప్రత్తితోటలో చార్లీ ప్యాటన్ పెరిగి పాడెను. 1929లో తొలి రికార్డులిచ్చి, 1934లో ఆ జిల్లాలోని ఇండియనోలా పట్టణసమీపముననే మరణించెను. తరువాత బి. బి. కింగ్ అని జగత్ప్రసిద్ధుడైన గాయకుడు యౌవనమున ఆ ఇండియనోలా పరిసరముల ప్రత్తిచేలలోనే ట్రాక్టరు తోలెను. ఆ పట్టణమందలి కచ్చేరికే 1962 ఆగస్టు 31వ తేదీన ఫ్యానీ లూ హేమర్ అను నలువదినాలుగేండ్ల స్త్రీ మఱి పదునేడుగురితో కూడి ఓటర్లజాబితాలో తమ పేరులు చేర్పించుకొనుటకు పోయెను. ఆమె ఇరువదిమంది సంతానములో కడపటిది. ప్రత్తితోటలో పదునెనిమిదేండ్లుగా పనిచేయుచుండెను. అచటి యుద్యోగి ఆమెకు రాష్ట్రశాసనములోని యొక భాగమునిచ్చి అర్థము చెప్పుమనెను. 1890వ సంవత్సరపు మిసిసిపీ రాజ్యాంగము ఓటునకు పన్నును పరీక్షను పెట్టినది ఇందుకొఱకే. పరీక్షలో తప్పితివని ఆమెను త్రిప్పిపంపిరి. మరలివచ్చుదారిలో పోలీసులు బస్సు నాపగా, లోనివారు భయపడియుండగా, ఆమె పాట యెత్తుకొనెను. ఆ సాయంకాలమే తోటయజమాని దరఖాస్తు వెనుకకు తీసికొనుము, లేదా యిల్లు విడువుమనెను. ఆమె యిల్లు విడిచెను. 1964 నాటికి మిసిసిపీలో ఓటునకర్హులగు నల్లవారిలో పేరు నమోదైనవారు నూటికి సుమారు ఏడుగురు మాత్రమే. 1965 ఆగస్టులో వచ్చిన ఓటుహక్కుల చట్టముతోగాని యీ స్థితి మాఱలేదు.

ఏ నేలపాటలకు నేడు ప్రపంచమంతయు ఓట్లు వేయుచున్నదో, ఆ నేలపై ఆ పాటలను కన్నవారికి ఓటు లేదు. ఈ మాట విన్నంతనే, అది రాజకీయము, ఇది వినోదము, రెంటికిని ముడివేయనేల యని కొందరందురు. ముడి మేము వేయుట లేదు. ఓటు అను మాటను పాటయొద్దకు తెచ్చినవారే వేసిరి. తెచ్చినపిదప ఆ మాటకు మూలార్థ మేమో విచారింపక తప్పదు.

ప్రజాపాలనలో ఓటెందులకు? పదిమంది చెప్పినదే న్యాయమగునను లోకవాడుక మనదేశమునను కలదు. కాని పదిమంది చెప్పినంతమాత్రమున రెండును రెండును అయిదు కాదు. ఎక్కువమందికి ఎక్కువజ్ఞాన ముండుననుటయే ఓటునకు ఆధారమైనచో, జ్ఞానము తక్కువవానికి ఓటులేకుండ చేయుటయు న్యాయమే కావలసివచ్చును. ఇండియనోలా కచ్చేరిలోని పరీక్ష సమంజసమే యగును. ఆ రాష్ట్రపు దొరలు చెప్పిన సాకు ఇదియే గదా! నిజమేమనగా, పాలనలో ఓటు జ్ఞానమునకు బహుమానము కాదు. చట్టముయొక్క బరువును మోయువాడు ఆ చట్టమును గూర్చి నోరు మెదపుటకు గల హక్కు అది. పన్నుకట్టువాడు, యుద్ధమునకు కొడుకును పంపునది, కఱవు వచ్చినపుడు పస్తుండువాడు — వీరు పండితులైనను పామరులైనను, ఫలితము వారి నెత్తిపై పడును గనుక వారికి ఓటు కలదు. బరువు సమానముగా పడును గనుక ఓటును సమానము.

ఈ న్యాయమును పాటయొద్దకు తీసికొనివచ్చి చూతము. పాటను విని చేయెత్తువాని నెత్తిపై ఏమి పడుచున్నది? ఏమియు పడుట లేదు. వాడు పొరపాటున వట్టి పాటకు ఓటు వేసినను వాని యింట పన్ను పెరుగదు, వాని బిడ్డకు పాలు తగ్గవు. బరువంతయు పాడినవానిది. ఓట్లు తక్కువైన పాట రేడియోలో వినబడదు, అంగడిలో నిలువదు, పాడినవాడు మరల చేలోనికో, అంట్లుతోము పనికో పోవలెను. కావున పాటలగోష్ఠిలో ఓటువేయువాని స్థానము పౌరుని స్థానము కాదు, దొర స్థానము. మెత్తని పీటపై కూర్చుండి ఎదుటివాని కూటిని లెక్కించు స్థానము. ఇందులో పాపమున్నదని మేమనుట లేదు; తా నెచ్చట కూర్చున్నాడో తెలియుట మంచిదని మాత్రము చెప్పుచున్నాము.

గుణనిర్ణయమునకైన ఓటు పనికివచ్చునా? ఇచ్చట గణితమే అడ్డుతగులుచున్నది. ఫ్రాన్సుదేశమున కాండోర్సే అను పండితుడు 1785లో దీనిని చూపెను. ఆయన 1781లోనే బానిసత్వమును ఖండించుచు మాఱుపేరుతో గ్రంథము వ్రాసినవాడగుటవలన, ఈ ప్రసంగమున ఆయనను తలచుకొనుట మాకు మఱింత సంతోషము. ఒక యింట తల్లి, కుమారుడు, కోడలు కూర్చుండి మూడు రికార్డులు వినిరనుకొందము: బెస్సీ స్మిత్ పాట యొకటి, మడ్డీ వాటర్స్ పాట యొకటి, శామ్ కుక్ పాట యొకటి. తల్లికి బెస్సీ ముందు, తరువాత మడ్డీ, కడపట కుక్. కుమారునికి మడ్డీ ముందు, తరువాత కుక్, కడపట బెస్సీ. కోడలికి కుక్ ముందు, తరువాత బెస్సీ, కడపట మడ్డీ. ఇప్పుడు రెండేసి పాటలకు పోటీపెట్టి చూడుడు. బెస్సీకిని మడ్డీకిని పోటీయైనచో బెస్సీ గెలుచును, ఇద్దరోట్లు. మడ్డీకిని కుక్‌కును పోటీయైనచో మడ్డీ గెలుచును, మరల ఇద్దరోట్లే. సరే, బెస్సీ కుక్‌ను కూడ గెలువవలెను గదా! గెలువదు. కుమారుడును కోడలును కుక్ పక్షము. ఒక్కొక్కరి మనస్సులో క్రమమున్నది. ముగ్గురిని కూడినపుడు క్రమము చక్రమైపోయినది. ఎవరును అబద్ధ మాడలేదు, ఎవరి చెవియు చెడలేదు. ఏ పాటతో పోటీ మొదలిడుదుమో దానినిబట్టి గెలుపు మాఱుచున్నది. పట్టికలను వేదముగా భావించువారు ఈ చిన్నలెక్కను ఇంటిలో ఒకసారి వేసి చూచుకొనవలెను.

ఇది లెక్కలోని చిక్కు. మనుష్యస్వభావములోని చిక్కు ఇంతకంటె పెద్దది. 2006లో అమెరికాలోని ముగ్గురు పరిశోధకులు — సాల్గానిక్, డాడ్స్, వాట్స్ — ఒక పరీక్షను ప్రకటించిరి. లోకమునకు తెలియని బృందములు పాడిన 48 పాటలను అంతర్జాలమున నుంచి, 14 వేలకు పైగా శ్రోతలను రప్పించిరి. కొందరికి పాటలను మాత్రమే వినిపించిరి. ఇతరులేమి కోరుకొనిరో తెలియనీయలేదు. మిగిలినవారిని ఎనిమిది వేఱువేఱు లోకములుగా విభజించి, ఏ లోకమువారికి ఆ లోకములో ఏ పాట నెందఱు తీసికొనిరో లెక్క చూపుచు వచ్చిరి. ఫలిత మేమి? ఎనిమిది లోకములలోను గెలిచిన పాటలొక్కటి కావు. లెక్క చూడనివారి యభిప్రాయమున ఇరువదియాఱవదిగా నిలిచిన యొకపాట, ఒక లోకమున మొదటిస్థానము నందెను. మఱియొక లోకమున నలువదవస్థానమునకు జాఱెను. పాట అదే, వినువారు నొక్కతీరువారే. మొదట వచ్చిన నలుగురైదుగురి చేతులు ఎటులేచినవో అటే వెనుకవారి చేతులును లేచినవి. ఐతే ఇందొక విశేషము కలదు, దానిని దాచుట న్యాయము కాదు. ఉత్తమములని తేలిన పాటలు ఎక్కడను మిక్కిలి అడుగునకు పోవుట అరుదు. అధమములు పైకి వచ్చుటయు అరుదు. కావున గుణమే లేదనువారి వాదమునకు ఇది సాక్ష్యము కాదు. గుణమున్నది. నడుమనున్న పాటలవిషయమున మాత్రము, అవియే యెక్కువ గనుక, అదృష్టము గుణమువేషమున సింహాసన మెక్కుచున్నది. అవి బ్లూస్ పాటలు కావనియు, బ్లూస్ వినువారు స్వతంత్రబుద్ధులనియు ఎవరైన నందురేమో! పదిమంది చేతులెత్తిన గదిలో ఎత్తని చేయిగా నుండుట యెంత కష్టమో వారు తమ యనుభవముననే యడుగుకొనవలెను.

అట్లయిన నిర్ణయమును నిపుణులకు విడువవలెనా? డెట్రాయిట్ నగరమున బెర్రీ గోర్డీ 1959లో స్థాపించిన మోటౌన్ సంస్థ చరిత్ర దీనికి బదులు చెప్పును. గోర్డీ పూర్వము మోటారుకార్ల కర్మాగారమున పనిచేసినవాడు. అచట విడిభాగములను పరీక్షించినట్లే పాటలను పరీక్షింపవలెనని, ప్రతివారము తనవారిని కూర్చుండబెట్టి కొత్తపాటలు వినిపించి ఓట్లడుగుచుండెను. జేబులో కడపటి డాలరు మాత్రమే యున్న ఆకలిగొన్నవాడు ఈ రికార్డు కొనునా, రొట్టె కొనునా యని అతడు ప్రశ్నించెడివాడట. ప్రశ్న బాగుగనే యున్నది. ఆ సభలో కూర్చున్నవారు పాటలు కట్టుటలోను పాడుటలోను ఆఱితేఱినవారు. ఐనను 1967లో మార్విన్ గే పాడిన ‘గ్రేప్‌వైన్’ పాట — ప్రియురాలి విముఖతను ఊరివారి గుసగుసలవలన తెలిసికొన్నవాని గోడు — ఆ పరీక్ష దాటలేదు. గోర్డీ దానిని విడిగా విడుదలచేయ నిష్టపడలేదు. అదే పాటను గ్లాడిస్ నైట్ బృందమువారు వేఱొక నడకతో పాడగా అది ఆ యేడే విడుదలై ఘనముగా అమ్ముడుపోయెను. మార్విన్ పాట మఱుసటియేట ఒక పెద్దరికార్డులో పలుపాటలలో నొకటిగా వెలువడెను. రేడియోవారు దానిని విడువక వినిపింపసాగిరి. అప్పుడు విధిలేక 1968 అక్టోబరులో విడిగా వేయగా, ఏడు వారములు అమెరికాలో అన్నిపాటలకు పైన నిలిచెను. నిపుణులు తప్పిరి, ప్రజలు గెలిచిరని కొందరీ కథను చెప్పుదురు. మాకట్లు తోచదు. ఆ రేడియోవారిలో ఎవరో యొకరు ముందుగా, ఏ లెక్కయు చూడక, తన చెవిని నమ్మి ఆ పాట వినిపించియుండవలెను. ప్రజలోట్లు ఆ పిదపనే వచ్చినవి.

ఓట్లపట్టికవలన నిశ్చయముగా తెలియునది ఒకటి కలదు. అది ఓటర్లను గూర్చినది. రోలింగ్ స్టోన్ అను అమెరికా పత్రిక 2004లో 172 మంది కళాకారులను విమర్శకులను అడిగి అయిదువందల యుత్తమగీతముల పట్టిక ప్రకటించెను. అందు మొదటిది బాబ్ డిలన్ పాట. అరీతా ఫ్రాంక్లిన్ పాడిన ‘రెస్పెక్ట్’ — అనగా గౌరవము — అయిదవది. శామ్ కుక్ పాట పండ్రెండవది. ఆ పత్రికయే 2021లో 250 మందికి పైగా అడిగి మరల పట్టిక కట్టెను. అప్పుడు ‘రెస్పెక్ట్’ మొదటిదయ్యెను, శామ్ కుక్ పాట మూడవదయ్యెను. నడుమ పదునేడేండ్లలో ఆ రికార్డులలోని ధ్వని యొక్క రవ్వయైనను మాఱలేదు. మాఱినది ఓటువేయు గదిలోనికి రానిచ్చినవారి జాబితా. వారి చుట్టునున్న కాలము. 2021 పట్టికను చూచి మేము సంతోషించితిమి. కాని ఆ సంతోషము న్యాయము జరిగెనని కాదు. ఎవరిని పిలువవలెనో తెలిసికొనిరని.

శామ్ కుక్ పాటను గూర్చి ఒక్కమాట చెప్పి ముందునకు సాగుదము. 1963లో లూయిసియానా రాష్ట్రమున ఒక హోటలువారు ఆయనకు గది యీయక త్రిప్పిపంపిరి. మార్పు రాకపోదను అర్థముగల ఆ పాట ఆ కాలముననే పుట్టెను. విడి రికార్డుగా అది వెలువడుసరికి, 1964 డిసెంబరు చివర, ఆయన మరణించియుండెను. వర్తకులు దానిని రికార్డునకు రెండవవైపున వేసిరి. ఒక చరణమును కత్తిరించిరి. మొదటివైపున వేసినది నృత్యగీతము.

ఓటును విడిచి పంచుకొనుటను విచారింతము. మా దృష్టిలో గోష్ఠులయొక్క అసలుసారము ఇచ్చటనే యున్నది. మిసిసిపీ జాన్ హర్ట్ అను రైతుకూలి 1928లో కొన్ని పాటలు రికార్డులకిచ్చెను. అవి యంతగా అమ్ముడుపోలేదు. ఆర్థికమాంద్యము వచ్చినది, కంపెనీవారు మరల పిలువలేదు, ఆయన తన యూరికి మరలి పశువులను, చేనును చూచుకొనుచుండెను. ఓట్లలెక్క ప్రకారము ఆ పాటలు ఓడిపోయినవి. 1952లో హారీ స్మిత్ అను పాతరికార్డుల సేకర్త, తానుదాచిన వానిలో 84 పాటలను ఏర్చి ఒక సంకలనముగా వెలువఱచెను. అతడు ఎవరి ఓట్లను అడుగలేదు. అందు హర్ట్ పాటలు రెండుండెను. వానిని విన్న యువకులు ఆయన మిగిలిన పాటలకొఱకు వెదకిరి. వానిలో నొకదానియందు ఆయన ఆవలాన్ తన యూరని చెప్పుకొనెను. అప్పటి పటములలో కానరాని యా యూరిని వారు పాతపటములో పట్టుకొనిరి. 1963లో టామ్ హాస్కిన్స్ అను యువకుడు ఆ యూరికి పోయి విచారింపగా, హర్ట్ అచటనే సజీవుడై యుండెను! డెబ్బదియేండ్ల వయస్సున ఆయన ఆ యేడే న్యూపోర్ట్ సంగీతోత్సవమున వేలమంది యెదుట పాడి, 1966లో కన్నుమూయువఱకు పాడుచునే యుండెను. ఒకడు దాచుకొన్నదానిని పంచినందున, విన్నవాడు పేరును ఊరును పట్టించుకొన్నందున, ఒక వృద్ధునికి మూడేండ్ల గౌరవము దక్కెను.

పంచుకొనుటయందును మోసము కలదు. ఇంగ్లండు ఉత్తరభాగమున 1960 దశకాంతమునుండి కార్మికయువజనులు అమెరికా సోల్ పాటలలో ఓడిపోయినవానిని, మఱుగునపడినవానిని ఏరి తెప్పించుకొని రాత్రులెల్ల నృత్యముచేయుచుండిరి. విగన్ పట్టణమందలి క్యాసినో యను మందిరము 1973నుండి 1981 వఱకును వారికి పుణ్యక్షేత్రము. అమెరికాలో ఎవరును కొనని పాటకు అచట వేయిమంది చిందులువేయుట ఎంత ముచ్చట! కాని ఆ రికార్డులు వినిపించువారిలో కొందరు, ప్రత్యర్థులకు తెలియకుండుటకై, రికార్డు నడుమనున్న చీటిపై తెల్లకాగితము అతికించి దొంగపేరు ప్రకటించుచుండిరి. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్‌వారికి పాడి, విడుదల కాక నిలిచిపోయిన ఒక రికార్డు అట్లు ఎడ్డీ ఫాస్టర్ అను పేరుతో ప్రసిద్ధమయ్యెను. అరుదైన ఆ రికార్డు ప్రతియొకటి 2009లో ఇరువదియైదువేల పౌండ్లకు పైగా అమ్ముడుపోయెను. పాటను పంచి పేరును దాచుట, అన్నముపెట్టి పంట పండించినవానిని గడప దాటనీయకుండుట వంటిది. అట్టి రివాజు మన గ్రామములకును క్రొత్తది కాదు; సంస్కారముకోరు మన కుటుంబములవారికి దీని రుచి తెలియును.

పేరుతో పని తీఱునా? తీఱదు. రూత్ బ్రౌన్ 1949 మొదలుకొని పదేండ్లపాటు పాడిన రికార్డులు అట్లాంటిక్ కంపెనీకి ఎంత లాభము తెచ్చినవనగా, ఆ కంపెనీని రూత్ కట్టిన యిల్లు అని లోకము పిలిచెను. 1960 దశకమున ఆమె పిల్లలను పోషించుకొనుటకై పరుల యిండ్లలో పాచిపనిచేసెను, బడిపిల్లల బస్సు తోలెను. ఆమె పాటలను అప్పటికిని వినువారుండిరి, మెచ్చువారుండిరి. వాని ప్రతిఫలముమాత్రము ఆమెకు చేరలేదు. కంపెనీలెక్కలలో ఆమెయే బాకీదారు! తాతతండ్రులు ప్రత్తితోటలో ఎదుర్కొనిన లెక్కల పుస్తకమే పట్టణములో మఱియొక యట్ట వేసికొని వచ్చినది. ఆమె ఊరకుండలేదు. న్యాయవాదిని వెంటబెట్టుకొని సంవత్సరములు పోరాడగా, 1988లో కంపెనీ దిగివచ్చి పాతబాకీలను కొట్టివేసి, ఆమెకును మఱికొందరికిని ప్రతిఫలము చెల్లింపనారంభించెను. పాతగాయకుల సహాయార్థము ఒక నిధియు నేర్పడెను. ఆ పోరాటకాలమున ఎన్ని పట్టికలలో ఆమెపాట లున్నవో, ఎందఱు చేతులెత్తిరో లెక్కింపనక్కఱలేదు. చేయెత్తినవారిలో పదింట నొకరు, ఈ పాట కొన్న డబ్బెవరికి పోవుచున్నదని యడిగియుండినచో ఆ తల్లి బస్సు తోలుట కొంత ముందుగా మానియుండెడిది.

పాటకు ఓటుకంటె మేలైన విమర్శ మఱియొకటి కలదు: దానిని ఇంకొకరు మరల పాడుట. ‘రెస్పెక్ట్’ మొదట అరీతా పాట కాదు. ఓటిస్ రెడ్డింగ్ దానిని కట్టి 1965లో పాడెను. అందు కష్టపడి యింటికి వచ్చు పురుషుడు భార్యను గౌరవమడుగును. 1967 ఫిబ్రవరిలో అరీతా ఆ పాటనే తీసికొని, అడుగునది స్త్రీయగునట్లు మార్చి, అక్కచెల్లెండ్రను వెనుక నిలుపుకొని పాడెను. మాటలు చాలవఱకు అవియే, బిచ్చము హక్కైనది. ఓటిస్ పాటలో ఏది గట్టిదో ఏది లోపమో ఇంతకంటె స్పష్టముగా ఏ పట్టిక చెప్పగలదు? మన యింటి స్త్రీలు ఈ రెండు రికార్డులను వెంటవెంట వినవలెనని మా కోరిక. విన్నపిదప ఏది మేలో చెప్పనక్కఱలేదు.

ఇంతమాత్రమున గోష్ఠులలో ఓట్లు మానవలెనని మేము శాసింపము. పిల్లలున్న యింట ఏది మొదటిదను ప్రశ్న రాకమానదు. జవాబు చెప్పకున్న వారూరుకొనరు. వేయుదురుగాక. వేయుటకు ముందు పాడిన దెవరో, ఎక్కడివారో, ఆ పాటకు వారికేమి ముట్టినదో తెచ్చినవారు చెప్పవలెను. ఇతరుల లెక్క చూపకముందే ఎవరి మాట వారు కాగితముపై వ్రాసికొనవలెను. ఇందువలన ఆట కొంత నెమ్మదించును, అంతే. పట్టిక చేతికి వచ్చినపుడు అడుగునుండి వినుట మొదలుపెట్టువారు కొందరు మాకు తెలియుదురు. తక్కినవారు పైన నాలుగు వినులోపల వారు క్రింద నాలుగు విని, వానిలో నొకదానిని మరల పెట్టించుకొని, రికార్డైనచో త్రిప్పి రెండవవైపు కూడ విందురు.